బత్తాయి, పంపరపనసల్లో చక్కెర తగిలించే ఎంజైముల మీద ప్రాజెక్టు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరులో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నారు. నిమ్మజాతి పండ్లలో ఫ్లేవనాయిడ్లనే మొక్క పదార్థాలకు చక్కెర తగిలించే ఎంజైముల మీద ప్రాజెక్టు చేయాలనుంది. బత్తాయి జ్యూసు నిలవుంటే చేదెక్కడానికి నరింజిన్ అనే చేదు ఫ్లేవనాయిడే కారణమా, దాన్ని తయారుచేసే ఎంజైమును పట్టుకుంటే సరిపోతుందా అన్నారు. డేటాబేసులో "ఫ్లేవనాయిడ్ గ్లూకోసిల్‌ట్రాన్స్‌ఫరేజ్" అని రాసున్న జీన్లు కుప్పలుగా కనిపిస్తున్నాయి, వాటిలో ఏది తీసుకోవాలో తెలియడం లేదన్నారు. ల్యాబులో యూవీ స్పెక్ట్రోఫొటోమీటరు, పీసీఆర్ ఉన్నాయి, హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) మాత్రం బయట బతిమాలుకోవాలి.

ముందు చేదు సంగతి చూద్దాం. అది తేలకపోతే ప్రాజెక్టు మొత్తం వేరే ఎంజైము వెంట పడిపోతుంది.

బత్తాయి రసం పిండిన వెంటనే తాగితే తియ్యగానే ఉంటుంది, సాయంత్రం దాకా ఉంచితే చేదెక్కుతుంది. విజయవాడలో జ్యూసు బండి నడిపే ఎవర్నడిగినా చెబుతారు. ఆ చేదు లిమోనిన్‌ది, నరింజిన్‌ది కాదు. లిమోనిన్ అసలు ఫ్లేవనాయిడే కాదు, ట్రైటెర్పీన్ల కుటుంబానికి చెందిన లిమోనాయిడ్. కాయలో ఉన్నంతసేపూ అది లిమోనోయేట్ ఎ-రింగ్ లాక్టోన్ అనే చేదులేని రూపంలో ఉంటుంది. పిండినప్పుడు కణాలు చితికి, రసంలోని పులుపు తగులుతుంది. లిమోనిన్ డి-రింగ్ లాక్టోన్ హైడ్రోలేజ్ అనే ఎంజైము కూడా తోడై, తెరిచి ఉన్న డి వలయం మూసుకుంటుంది. దీనికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే దీన్ని ఆలస్యపు చేదు అంటారు. నరింజిన్ చేదుకు ఈ ఆలస్యం ఉండదు. పంపరపనస తొనను పొర ఒలవకుండా కొరికితే ఆ క్షణమే నాలుకకు తెలుస్తుంది.

అలాగని లిమోనిన్ కథలో చక్కెర లేదనుకోకండి. కాయ పండేకొద్దీ లిమోనాయిడ్ గ్లూకోసిల్‌ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము ఆ ఎ-రింగ్ లాక్టోన్‌కు గ్లూకోజు తగిలిస్తుంది. గ్లూకోజు తగిలాక ఇక వలయం మూసుకోదు, చేదు పుట్టదు. బాగా పండిన కాయ రసం తక్కువ చేదెక్కడానికి ఇదొక కారణం. ఈ ఎంజైము జీన్‌ను సత్సుమా నారింజ నుంచి జపాన్ పరిశోధకులు 2000లో వేరుచేశారు. జ్యూసు చేదే మీ అసలు ఆసక్తి అయితే మీ దారి ఇది. కానీ లిమోనోయేట్ ఎ-రింగ్ లాక్టోన్ సీసాలో కొనుక్కునే సరుకు కాదు, గింజల నుంచి తీసుకోవాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు గడువులో అది తెమలదు. అందుకే మీరు ఫ్లేవనాయిడ్ల వైపే ఉండండి అంటాను, కాకపోతే "జ్యూసు చేదు పోగొట్టడానికి" అన్న మాట ప్రపోజల్‌లోంచి తీసేయండి.

ఇక ఫ్లేవనాయిడ్ల దగ్గరికి వద్దాం. నరింజెనిన్ అనే ఫ్లేవనోన్ అణుభారం 272. దాని 7వ స్థానంలోని హైడ్రాక్సిల్‌కు యూడీపీ-గ్లూకోజ్ (కణంలో గ్లూకోజును అందించే రూపం) నుంచి ఒక గ్లూకోజు తెచ్చి తగిలిస్తే ప్రూనిన్ అవుతుంది, భారం 434. ఆ గ్లూకోజు మీద రామ్నోజు అనే ఇంకో చక్కెర కూర్చుంటే 580. దారి చీలేది ఇక్కడే. రామ్నోజు ఆ గ్లూకోజు 2వ కార్బన్ మీద కూర్చుంటే నరింజిన్, గట్టి చేదు. 6వ కార్బన్ మీద కూర్చుంటే నరిరుటిన్, దానికి రుచే లేదు. అవే పరమాణువులు, అవే రెండు చక్కెరలు, అదే భారం. తేడా అంతా అతుకు పడిన చోటులోనే ఉంది. హెస్పెరెటిన్ విషయంలోనూ ఇంతే: 1,2 అతుకుతో నియోహెస్పెరిడిన్ చేదు, 1,6 అతుకుతో హెస్పెరిడిన్ రుచిలేనిది. అమెరికాలో హోరోవిట్జ్, జెంటిలి 1960ల్లోనే ఈ సంబంధాన్ని బయటపెట్టారు. చేదు నియోహెస్పెరిడిన్‌ను రసాయనికంగా కొద్దిగా మారిస్తే పంచదారను మించిన తీపి పదార్థం వస్తుందని చూపించిందీ వాళ్ళే.

పంపరపనసలో ప్రధానంగా నరింజిన్ ఉంటుంది. బత్తాయి లాంటి తీపి నారింజల్లో హెస్పెరిడిన్, నరిరుటిన్ ఉంటాయి. గ్రేప్‌ఫ్రూట్ పంపరపనసకూ తీపి నారింజకూ పుట్టిన సంకరం కాబట్టి దానిలో రెండు రకాలూ కనిపిస్తాయి. తీపి నారింజ కూడా పంపరపనస, కమలా జాతుల కలయిక నుంచే వచ్చింది. అయినా అమ్మమ్మ చేదు మనవరాలికి రాలేదు. నాకు ఈ మొత్తం రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే, మీరు ఎంచుకున్న విషయం విలువ తెలిసేదీ ఇక్కడే. ఇజ్రాయెల్ బృందాలు 1991లో పంపరపనస లేత ఆకుల నుంచి 1,2 అతుకు వేసే రామ్నోసిల్‌ట్రాన్స్‌ఫరేజ్‌ను శుద్ధి చేశాయి. దాని జీన్ చేతికి రావడానికి 2004 దాకా పట్టింది, 1,6 అతుకు వేసే ఎంజైము జీన్ 2013లో వచ్చింది. ఒక్కో అతుకు వెనక ఇన్నేళ్ళ పని ఉంది.

మూడో ప్రశ్న ఏ జీన్ తీసుకోవాలని. దీని మీదే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది ప్రాజెక్టులు ఇక్కడే దారి తప్పడం చూస్తున్నాను.

డేటాబేసులో జీన్ పక్కనున్న పేరు కంప్యూటరు పెట్టింది. వరుస పోలికను బట్టి అది వేసిన అంచనా అది. తీపి నారింజ జీనోము 2013లో ప్రచురించినప్పటి నుంచి ఆ అంచనాలు పేపర్ల మీదుగా తిరిగి తిరిగి నిజాలుగా చెలామణీ అవుతున్నాయి. ఈ కుటుంబం ఎంజైములన్నిటికీ చివరి భాగంలో పీఎస్‌పీజీ అనే 44 అమైనో ఆమ్లాల పట్టీ ఉంటుంది. యూడీపీ-చక్కెర కూర్చునే చోటు అదే. అది అందరిలో దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి పోలిక బాగా కనిపిస్తుంది. ఆ పట్టీ చెప్పగలిగింది ఇది యూజీటీ (యూడీపీ-చక్కెర నుంచి చక్కెర తెచ్చి తగిలించే ఎంజైము) అని, మహా అయితే ఏ చక్కెర అని మాత్రమే. పట్టీ చివరి అమైనో ఆమ్లం గ్లుటమిన్ అయితే గ్లూకోజు, హిస్టిడిన్ అయితే గెలాక్టోజు అని ఒక సూచన ఉంది, దానికీ మినహాయింపులున్నాయి. ఏ ఫ్లేవనాయిడ్, ఏ స్థానం అన్నది ముందు భాగం మడతల్లో ఉంటుంది. ఆ భాగం ఒక్కో ఎంజైములో ఒక్కోలా ఉంటుంది, చూసి చెప్పడం కుదరదు.

దీనికి చక్కని ఉదాహరణ గ్రేప్‌ఫ్రూట్ ఎంజైము ఒకటుంది. అమెరికాలోని ఈస్ట్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీలో సిసీలియా మెకింటాష్ బృందం దశాబ్దాలపాటు ఈ పని చేసింది. 1990లో గ్రేప్‌ఫ్రూట్ మొలకల నుంచి ఫ్లేవనోన్లకు 7వ స్థానంలో గ్లూకోజు తగిలించే ఎంజైమును శుద్ధి చేసిన వాళ్ళలో ఆమె ఒకరు. 2009లో ఆ బృందం ఒక క్లోను తీసుకుని, ఈ.కోలైలో తయారుచేసి, రకరకాల ఫ్లేవనాయిడ్లు ఒక్కొక్కటే ఇచ్చి చూసింది. అది క్వెర్సెటిన్, కెంఫెరాల్, మిరిసెటిన్ లాంటి ఫ్లేవనాల్స్ అనే ఇంకో రకం ఫ్లేవనాయిడ్లను మాత్రమే, అదీ 3వ స్థానంలో మాత్రమే ముట్టుకుంది. నరింజెనిన్‌ను ముట్టలేదు. దానికి బాగా పోలిక ఉన్న ద్రాక్ష ఎంజైము ఆంథోసయనిడిన్లకు (రంగునిచ్చే ఫ్లేవనాయిడ్లకు) కూడా చక్కెర తగిలిస్తుంది, ఇది వాటినీ ముట్టలేదు. ద్రాక్ష ఎంజైము స్ఫటిక నిర్మాణం 2006లోనే వచ్చింది, పక్కపక్కన పెట్టి చూడొచ్చు. అయినా వరుస చూసి ఈ తేడా ముందే చెప్పగలిగేవాళ్ళు లేరు. సబ్‌స్ట్రేట్ (ఎంజైము పనిచేసే పదార్థం) ఇచ్చి, వచ్చిన పదార్థం ఏమిటో తేల్చినప్పుడే ఎంజైముకు పేరు పెట్టే హక్కు మనకు వస్తుంది. మీ ప్రాజెక్టు అంతా ఈ ఒక్క మాట చుట్టూ అల్లుకోండి: ఒక్క ఎంజైము, దాని ముందు పెట్టే ఐదారు ఫ్లేవనాయిడ్లు, దేన్ని ఎక్కడ ముట్టుకుందో రుజువు. పది జీన్లకు ఫైలోజెనెటిక్ ట్రీ గీసి వదిలేసిన థీసిస్ కన్నా ఇది ఎంతో బరువైన పని.

రామ్నోజు తగిలించే ఎంజైముల జోలికి ఇప్పుడు వెళ్ళకండి. ఆసక్తికరమైన భాగం అదేనని నేనే పైన చెప్పాను, అయినా వద్దంటున్నాను. యూడీపీ-రామ్నోజ్ దొరకడం కష్టం, దొరికినా ఎమ్మెస్సీ బడ్జెట్‌కు అందదు. దాన్ని యూడీపీ-గ్లూకోజ్ నుంచి ఇంకో ఎంజైముతో చేసుకోవాలి, అంటే ఒక ప్రాజెక్టు మీద రెండో ప్రాజెక్టు. యూడీపీ-గ్లూకోజ్ మామూలుగా దొరుకుతుంది. గ్లూకోజు దగ్గరే ఆగండి: నరింజెనిన్ 7వ స్థానం, లేదా క్వెర్సెటిన్ 3వ స్థానం.

మొక్క సరుకు గురించి. ఎంజైము కోసం పండిన కాయ పనికిరాదు. నరింజిన్ లాంటివి లేత ఆకుల్లో, పిందెల్లో జోరుగా తయారవుతాయి. కాయ పెరిగేకొద్దీ ఆ తయారీ తగ్గి, ఉన్నదే పలచబడుతూ పోతుంది. మార్కెట్లో కొన్న బత్తాయిలో హెస్పెరిడిన్ బోలెడు కనిపిస్తుంది గానీ దాన్ని చేసిన ఎంజైము ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. చవితి ముందు పాలవెల్లికి కట్టడానికి అమ్మే పచ్చికాయలు చూసి పిందెలు దొరికాయనుకోవద్దు. అవి ఏ రకమో, కోసి ఎన్ని రోజులైందో అమ్మేవాళ్ళకే తెలియదు.

నర్సరీ అంటు మొక్క తెచ్చుకుంటే ఒక జాగ్రత్త. బత్తాయిని రంగపూర్ నిమ్మ లాంటి వేరుమూలం మీద అంటుకడతారు. అంటు కింద నుంచి లేచిన చిగురు బత్తాయిది కాదు, వేరుమూలానిది. అదే బలంగా, నిగనిగలాడుతూ పెరుగుతుంది కాబట్టి చెయ్యి దాని మీదికే పోతుంది. అంటు ముడి ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుని, దాని పైనున్న చిగురే కోయండి. రకం కచ్చితంగా తెలియాలంటే తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన కేంద్రాన్ని మీ గైడు ద్వారా సంప్రదించండి.

కోసిన చిగురును ఎండలో బస్సెక్కించి తెస్తే ల్యాబుకొచ్చేది ఎంజైము కాదు, గోధుమరంగు ముద్ద. ద్రవ నత్రజని కావాలి. అది మన ఊళ్ళలో ఎక్కడ దొరుకుతుందని చాలామంది దిగులుపడతారు. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కేంద్రాల్లో వీర్యం నిల్వకు ద్రవ నత్రజని క్రమం తప్పకుండా వస్తుంది. కాలేజీ లెటరు పట్టుకెళ్ళి అడగండి. మూత బిగించని క్యానులోనే తేవాలి, గాలాడే చోటే వాడాలి.

ఆకును నత్రజనిలో నూరేటప్పుడు బఫరులో పీవీపీపీ, బీటా-మెర్కాప్టోఇథనాల్ ఉండాలి. నిమ్మజాతి ఆకులో ఫినాలిక్స్ ఎక్కువ. అవి ఆక్సీకరణ చెంది ప్రోటీన్లకు అంటుకుంటే ఎంజైము చచ్చిపోతుంది. పీవీపీపీ వాటిని పట్టేసుకుంటుంది. ఈ ముడి సారంతో ఎంజైము చర్య ఉందో లేదో మాత్రమే చూడండి. దానిలో పది యూజీటీలు కలిసి ఉంటాయి, పక్కనే గ్లైకోసిడేజులు తగిలించిన చక్కెరను ఊడదీస్తుంటాయి. ఒక ఎంజైము గురించి మాట్లాడాలంటే ఆర్‌ఎన్‌ఏ తీసి, సీడీఎన్‌ఏ చేసి, జీన్‌ను ఈ.కోలైలో పెట్టుకోవాల్సిందే.

ఈ.కోలైలో ఈ ఎంజైములు మొండికేస్తాయి. 37 డిగ్రీల దగ్గర పెంచితే ప్రోటీన్ బోలెడు వస్తుంది, అంతా కరగని ముద్దలుగా. ఐపీటీజీ (ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే రసాయనం) తగ్గించి, 16 నుంచి 18 డిగ్రీల దగ్గర రాత్రంతా వదలండి. జెల్‌లో పట్టీ లావుగా కనిపించడం ముఖ్యం కాదు, కరిగిన భాగంలో కనిపించాలి. హిస్-ట్యాగ్ (నికెల్‌కు అంటుకునే హిస్టిడిన్ల తోక) పెట్టుకుంటే నికెల్ కాలమ్ మీద ఒక్క రోజులో శుభ్రమవుతుంది. ఖాళీ ప్లాస్మిడ్ ఉన్న కల్చరును కూడా పక్కన అచ్చంగా అలాగే పెంచి, అలాగే శుద్ధి చేయండి. మీ అసలు కంట్రోల్ అది. ఉడికించిన ఎంజైము, యూడీపీ-గ్లూకోజ్ వేయని గొట్టం ఎలాగూ ఉండాలి.

ఇప్పుడు ఎస్సే, అంటే ఎంజైము చర్యను కొలిచే పరీక్ష. పాత పేపర్లు చాలావరకు రేడియోధార్మిక కార్బన్-14 యూడీపీ-గ్లూకోజ్‌తో చేశాయి. అది మీకు కుదరదు, అక్కర్లేదు కూడా. నరింజెనిన్, క్వెర్సెటిన్ నీటిలో సరిగా కరగవు. డీఎంఎస్‌ఓలో గాఢంగా కలిపి ఉంచుకుని కొద్దిగా వేయండి, మొత్తం రియాక్షన్‌లో డీఎంఎస్‌ఓ కొన్ని శాతం మించకూడదు. గొట్టంలో తెల్లటి లేదా పసుప్పచ్చ మసక కనిపిస్తే సబ్‌స్ట్రేట్ కరిగి ఉండక బయటపడిందని అర్థం, ఆ అంకె ఎందుకూ పనికిరాదు. పీహెచ్ 7.5 దగ్గర మొదలుపెట్టండి. మరీ క్షారమైతే క్వెర్సెటిన్ తనంతట తనే ఆక్సీకరణ చెందుతుంది, నరింజెనిన్ వలయం విడిపోయి చాల్కోన్ అవుతుంది. ఎంజైము ఏమీ చేయకుండానే శిఖరాలు మారతాయి.

రియాక్షన్ ఆపాక ఇథైల్ అసిటేట్‌తో వేరుచేస్తే ఫ్లేవనాయిడూ, ఒక్క గ్లూకోజు తగిలిన పదార్థమూ పైపొరలోకి వస్తాయి, యూడీపీ-గ్లూకోజ్ నీటిలోనే ఉండిపోతుంది. దాన్ని ఆరబెట్టి, మెథనాల్‌లో కలిపి, సిలికా టీఎల్‌సీ (పదార్థాలను చుక్కలుగా వేరుచేసే పద్ధతి) పలక మీద ప్రామాణిక పదార్థాల పక్కన చుక్క పెట్టండి. క్వెర్సెటిన్ అయితే నేచురల్ ప్రోడక్ట్ రీయేజెంట్ చల్లి 365 నానోమీటర్ల యూవీ దీపం కింద పెడితే క్వెర్సెటిన్ చుక్క కింద, దాని గ్లూకోసైడ్ చోట, నారింజరంగులో ఇంకో చుక్క వెలుగుతుంది. ఆ రెండో చుక్క మీ ఎంజైము గొట్టంలో ఉండి, ఖాళీ ప్లాస్మిడ్ గొట్టంలో లేకపోతే సగం పని అయినట్టే. ఇంతవరకూ హెచ్‌పీఎల్‌సీ అవసరమే రాలేదు చూడండి.

మిగతా సగం, చక్కెర ఏ స్థానంలో తగిలిందన్నది. మాస్ స్పెక్ట్రోమీటరు ఉంటే అంతా తేలిపోతుందని విద్యార్థులు అనుకుంటారు. అది 162 పెరిగింది, అంటే ఒక గ్లూకోజు చేరింది అని చెబుతుంది. ఆ గ్లూకోజు 3వ చోట ఉన్నా, 7వ చోట ఉన్నా బరువు ఒక్కటే. దీనికి మీ ల్యాబులో ఉన్న యూవీ స్పెక్ట్రోఫొటోమీటరే ఎక్కువ చెప్పగలదు. మెథనాల్‌లో క్వెర్సెటిన్ పొడవు తరంగాల వైపు శిఖరం 370 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. 3వ స్థానంలో గ్లూకోజు తగిలితే అది 355 ప్రాంతానికి దిగుతుంది. 7వ స్థానంలో తగిలితే దాదాపు కదలదు. నరింజెనిన్‌కు ఇంకో పాత పద్ధతి ఉంది. మెథనాల్‌లో దాని శిఖరం 288 దగ్గర ఉంటుంది, చిటికెడు సోడియం అసిటేట్ కలిపితే 320 దాటి జరుగుతుంది, ఎందుకంటే 7వ హైడ్రాక్సిల్ ఖాళీగా ఉండి తన ప్రోటాన్‌ను వదిలేస్తుంది. ప్రూనిన్‌లో ఆ చోటు గ్లూకోజుతో మూసుకుపోయింది, కాబట్టి అసిటేట్ కలిపినా శిఖరం అక్కడే ఉంటుంది. టీఎల్‌సీ పలక మీంచి ఆ చుక్కను గీకి, మెథనాల్‌లో కడిగి, ఒకసారి అసిటేట్ లేకుండా, ఒకసారి కలిపి స్కాన్ చేయండి. పలకలో ఏమీలేని చోట సిలికాను గీకి దాన్ని బ్లాంకుగా వాడాలి. ఈ రెండు గీతలు ఒకే గ్రాఫులో పెట్టి వైవాలో చూపిస్తే ఎగ్జామినరుకు ఇక అడగడానికి ఉండదు.

హెచ్‌పీఎల్‌సీ ఒకటి రెండు రోజులకు దొరికితే దాన్ని పరిమాణాలకు దాచుకోండి. సీ-18 కాలమ్, ఆమ్లం కలిపిన నీరు, అసిటోనైట్రైల్ చాలు. ఫ్లేవనోన్లకు 285 ప్రాంతంలో, ఫ్లేవనాల్స్‌కు 360 ప్రాంతంలో చూడాలి. చక్కెరలు ఎక్కువ ఉన్నవి ముందు దిగుతాయి: నరిరుటిన్, నరింజిన్, తర్వాత ప్రూనిన్, చివర నరింజెనిన్.

కేఎం, వీమాక్స్ (ఎంజైము వేగాన్ని వర్ణించే రెండు అంకెలు) గురించి ఒక్క మాటే. సబ్‌స్ట్రేట్‌లో పదోవంతు కన్నా తక్కువ ఖర్చయ్యే సమయంలోనే వేగం కొలవండి, అంతకుముందు కాలంతోపాటు, ఎంజైము మోతాదుతోపాటు పదార్థం సరళరేఖలో పెరుగుతోందని చూపించండి. యూడీపీ పేరుకునేకొద్దీ ఈ ఎంజైములు నెమ్మదిస్తాయి. ఎక్కువ క్వెర్సెటిన్ వేస్తే వేగం పెరగక తగ్గడమూ ఉంటుంది, అది కనిపిస్తే చెత్త అంకె అని తీసేయకుండా గ్రాఫులో ఉంచండి.

చక్కెర నేరుగా కార్బన్‌కే అతికే రకం కూడా నిమ్మజాతిలో ఉంది, కుంక్వాట్ నుంచి, సత్సుమా నుంచి ఆ ఎంజైములు 2017లో వచ్చాయి. ఆ అతుకు ఆమ్లంలో ఉడికించినా ఊడదు. మీ పదార్థాన్ని ఆమ్లంతో విడగొట్టి చూసేటప్పుడు చక్కెర విడిపోకపోతే ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోండి.

చిగుళ్ళ కోసం పూత కాలం దాకా ఆగనక్కర్లేదు, గింజలు నాటుకోండి. బత్తాయి గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి, మొలకల్లో ఎక్కువ భాగం తల్లిచెట్టుకు నకళ్ళే, కాబట్టి ఆకులన్నీ కలిపి వాడొచ్చు. పంపరపనస అలా కాదు, గింజకొక మొలక, ఒక్కోటి ఒక్కో రకం. ప్రతి మొలకకూ నంబరు రాసి, ఆకులు విడివిడిగా దాచండి. కాయలోంచి తీసిన గింజల్ని ఎండబెట్టకూడదు, ఎండితే మొలక చస్తుంది. జిగురు పోయేలా కడిగి తడి ఇసుకలో ఆ రోజే నాటేయండి. మొలిచి రెండు మూడు ఆకులు తొడిగేలోపు ప్రైమర్లు ఆర్డరు పెట్టుకోవచ్చు, నరింజెనిన్, ప్రూనిన్, క్వెర్సెటిన్, ఐసోక్వెర్సిట్రిన్ (3వ స్థానంలో గ్లూకోజు తగిలిన క్వెర్సెటిన్) తెప్పించి టీఎల్‌సీ పలక మీద నాలుగూ విడిపోయేలా ద్రావకం సరిచేసుకోవచ్చు. ఆ పలక ఫొటో, మీరు అనుకుంటున్న జీన్ వరుస ఇక్కడ పెడితే ప్రైమర్లు నేను చూసిపెడతాను.